మైనస్ 21తో గెలవడం ఎలా?

2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని నాపాలో జరిగిన ఫార్టినెట్ గోల్ఫ్ చాంపియన్‌షిప్‌ను సాహిత్ తీగల గెలిచాడు. అతని తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన తెలుగువాళ్లు. పీజీఏ టూర్‌లో (అమెరికాలో సాగే ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీల వరస) అతనికది తొలి టైటిల్. స్కోరు మాత్రం మైనస్ 21. పరుగులు కూడుకోవడానికి అలవాటుపడ్డ మనకు మైనస్‌లో ఉన్నవాడు గెలవడమేమిటో తట్టదు. గోల్ఫ్ మాటల్లో చాలావాటికి ఆ లెక్కే మూలం. అది పట్టుబడితే మిగతావి వాటంతటవే విడిపోతాయి.

కర్నూలు దగ్గరి ఓర్వకల్లులో గోల్ఫ్ మైదానం లేదు. ఉందనే అనుకుందాం. రాక్ గార్డెన్ బండల పక్కన ఒకచోట బంతి పెట్టాం. అది టీ (ఆట మొదలయ్యే చోటు, బంతి కింద గుచ్చే చిన్న పుల్లకూ అదే పేరు). 350 మీటర్ల అవతల నేలలో చిన్న గుంట. దాని వెడల్పు 108 మిల్లీమీటర్లు. ప్రపంచమంతటా అదే కొలత. గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి గ్రీన్. అక్కడిదాకా పొట్టి గడ్డితో సాగే బాట ఫెయిర్‌వే. దానికి రెండు వైపులా ఏపుగా వదిలేసిన గడ్డి రఫ్. దారిలో కాచుకుని ఉండే ఇసుక గుంతలు బంకర్లు. గుంటనూ, టీ నుంచి గుంట దాకా ఉన్న మొత్తం జాగానూ కూడా హోల్ అనే అంటారు. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఇలాంటి హోల్స్ 18 ఆడితే ఒక రౌండ్.

ఒక్కో హోల్‌ను చేయి తిరిగిన ఆటగాడు ఎన్ని దెబ్బల్లో ముగించాలో ముందే నిర్ణయిస్తారు. అదే పార్. దాన్ని లెక్కగట్టే పద్ధతి సులువు. మన 350 మీటర్ల హోల్‌లో గ్రీన్ చేరడానికి రెండు దెబ్బలు. గ్రీన్ మీద బంతిని గుంటలోకి దొర్లించడానికి మరో రెండు. దొర్లించే దెబ్బను పుట్ అంటారు. మొత్తం నాలుగు, అంటే పార్ 4. దూరం తగ్గితే పార్ 3, పెరిగితే పార్ 5. తీగల గెలిచిన మైదానంలో 18 హోల్స్‌కు కలిపి పార్ 72. రోజుకో రౌండ్ చొప్పున నాలుగు రోజులకు 288. అతను 267 దెబ్బల్లో ముగించాడు. తేడా 21. మైనస్ అంటే ఆదా అన్నమాట.

పార్ కంటే ఒక దెబ్బ తక్కువైతే బర్డీ, రెండు తక్కువైతే ఈగిల్, మూడు తక్కువైతే ఆల్బట్రాస్. పిట్ట ఎంత అరుదైతే ఆట అంత గొప్పది. బర్డీ అనే మాట 1900 ప్రాంతంలో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ క్లబ్‌లో పుట్టిందంటారు. ఒకటి ఎక్కువైతే బోగీ. ఈ మాటకు మాత్రం పరువు తగ్గింది. 19వ శతాబ్దం చివర బ్రిటన్‌లో బోగీ అంటే మంచి ఆటగాడు చేయవలసిన స్కోరు. బంతులు మెరుగుపడి ఆట ముదిరాక అది ఒక మెట్టు కిందికి జారింది.

గోల్ఫ్‌లో తప్పును ఆటగాడే ఒప్పుకోవాలి. 2024 టూర్ చాంపియన్‌షిప్ మూడో రౌండ్‌లో తీగల బంకర్ నుంచి కొట్టేందుకు కర్రను వెనక్కి తీస్తుండగా అది ఇసుకను తాకినట్టు అతనికి అనిపించింది. అలా తాకితే రెండు దెబ్బల జరిమానా. తానే అధికారికి చెప్పి జరిమానా వేయించుకున్నాడు. చివరికి రెండో స్థానంలో నిలిచినవాడి కంటే రెండు దెబ్బలు వెనుకబడి మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు.

క్లబ్బుల్లో ఎక్కువగా వినిపించే ప్రశ్న "నీ హ్యాండిక్యాప్ ఎంత?" అన్నది. హ్యాండిక్యాప్ అంటే బలహీనుడికి ఇచ్చే సడలింపు. హ్యాండిక్యాప్ 18 ఉన్నవాడు పార్ 72 మైదానంలో 92 దెబ్బలు కొడితే, 18 తీసేసి 74గా లెక్కిస్తారు. అవతల 4 హ్యాండిక్యాప్ ఉన్న దిట్ట 80 కొడితే అతనిది 76. గెలిచింది మొదటివాడే. చివరి 20 రౌండ్లలో మెరుగైన ఎనిమిదింటి ఆధారంగా దీన్ని తేలుస్తారు. 2020 నుంచి ఇది ప్రపంచమంతటికీ ఉమ్మడి పద్ధతి. నా దృష్టిలో ఈ ఆటలో అన్నిటికంటే తెలివైన ఏర్పాటు ఇదే. తాతా మనవడూ ఒకే పోటీలో నిజంగా తలపడగలరు.

మిగిలినవి చిల్లర మాటలు. "ఫోర్!" అని కేక వినిపిస్తే తల దాచుకోండి, బంతి మీవైపు వస్తోంది. మొదటి దెబ్బ చెడితే స్నేహితులు ఇచ్చే రెండో అవకాశం మల్లిగన్. అది నిబంధనల్లో లేదు.

ఇక నేల సంగతి. తెలుగునాట ఆట చూడాలంటే గోల్కొండ నయా ఖిల్లాకో, బండల మధ్య వేసిన హైదరాబాద్ బౌల్డర్ హిల్స్‌కో, విశాఖకో వెళ్లాలి. మన ఓర్వకల్లు ఉన్న కర్నూలు ప్రాంతంలో ఏడాదికి కురిసే సగటు వాన 700 మిల్లీమీటర్లకు లోపే. 18 హోల్స్‌కు వంద ఎకరాలకు పైనే కావాలి. గడ్డిని రోజూ తడపాలి. నీళ్లు లేనిచోట గ్రీన్ బదులు బ్రౌన్ (నూనె కలిపిన ఇసుకను చదును చేసిన జాగా) వేసే పద్ధతి మన దేశంలో పాతదే. ఓర్వకల్లులో విమానాశ్రయం 2021లో వచ్చింది, పరిశ్రమలూ వస్తున్నాయి. రేపు గోల్ఫ్ మైదానం మాట కూడా రావచ్చు. వస్తే ముందు గ్రీనా, బ్రౌనా అని అడగండి. గ్రీనే అంటే, నీళ్లు ఎక్కడివని అడగండి.