సైకిలుపై పాలు తెచ్చే సభ్యులు: దుస్తుల విషయంలో జాగ్రత్తలు

మోటారు వాహనాలు ఎంత పెరిగినా, క్యాను తగిలించుకొని సైకిలు మీద సంఘానికి వచ్చే సభ్యులు దుగ్గిరాల ప్రాంతంలో నేటికీ ఉన్నారు. పట్టణాల నుంచి బిగుతు దుస్తులతో సైకిళ్ళపై వచ్చే యువకులను చూసి, అటువంటివి మనకూ అవసరమా అని కొందరు అడుగుతున్నారు. పంచెతో సైకిలు తొక్కడం నామోషీ అనుకొనే కుర్రవాళ్ళూ ఉన్నారు. అందుచేత ఈ విషయం వివరించదలచాము.

పందెపు దుస్తులు ఎందుకు?

పందెపు సైకిలుపై మనిషి ముందుకు వంగి, సన్నని సీటుపై గంటల తరబడి తొక్కుతాడు. తొడలు ఒరుసుకుపోకుండా ఆ నిక్కరుకు మెత్త కుడతారు. చెమటకు తడిసిన నూలుబట్ట త్వరగా ఆరదు గనుక కృత్రిమ నూలు వాడతారు. వేగం మూడు రెట్లయితే గాలి నిరోధం తొమ్మిది రెట్లవుతుంది గనుక బట్ట ఒంటికి అంటుకొని ఉండాలి.

ఈమని నుంచో, తుమ్మపూడి నుంచో దుగ్గిరాల వచ్చే రైతుకు ఈ అవసరాలు లేవు. దూరం కొద్ది కిలోమీటర్లు. వేగం తక్కువ. మన సైకిలుపై నిటారుగా కూర్చుంటాము. సీటు వెడల్పు, కింద స్ప్రింగులు ఉంటాయి. నెదర్లాండ్స్ దేశంలో ఉద్యోగులు సైతం మామూలు దుస్తులతోనే సైకిలుపై పనికి వెళతారు. అక్కడ చెయిన్‌కు పూర్తి కవరు, వెనుక చక్రానికి అడ్డు ఉన్న సైకిళ్ళు సర్వసాధారణం. అనగా దుస్తులకు తగినట్లు సైకిలును అమర్చుకున్నారు.

ప్రమాదం ఎక్కడ?

ప్రమాదం పంచెలో లేదు, వేలాడే అంచులో ఉంది. అంచు చెయిన్‌లోనో, చువ్వల్లోనో చిక్కితే మనిషి పడతాడు, పాలు నేలపాలవుతాయి. చేయి విరిగితే పశువుల పని ఎవరు చూస్తారు? మోటారు సైకిలు వెనుక కూర్చున్నవారి బట్టలు చిక్కకుండా, వెనుక చక్రంలో సగానికి తక్కువ కాకుండా రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. సైకిలుకు ఆ ఏర్పాటు మనమే చేసుకోవాలి.

పాటించవలసినవి

1. పంచె, లుంగీ మోకాలి పైకి ఎగగట్టాలి. చెయిన్ కుడివైపు ఉంటుంది గనుక ప్యాంటు కుడి కాలు మడవాలి, లేదా క్లిప్పు పెట్టాలి.

2. స్త్రీలు కొంగు నడుముకు దోపుకోవాలి. చున్నీ మెడకు చుట్టరాదు. చక్రంలో చిక్కితే మెడకే ఉరి పడుతుంది. రెండు కొసలూ నడుము దగ్గర ముడివేయాలి.

3. చెయిన్ కవరు, వెనుక చక్రానికి జాలీ పెట్టించాలి.

4. మంచు కురిసే వేకువన నల్ల దుప్పటి కప్పుకొని రావద్దు. తెల్ల బట్ట దూరానికి కనబడుతుంది. పందెగాళ్ళ దుస్తులలో మనం తీసుకోదగినది మెరిసే పట్టీ. దానిని చొక్కా వీపుకు, మడ్‌గార్డుకు అంటించవచ్చు.

5. వానలో ఒక చేత గొడుగు పట్టి తొక్కరాదు. రెయిన్‌కోటు అంచు చక్రానికి తగలకూడదు.

6. చెమట తుడుచుకున్న కండువాతో క్యాను మూత తుడవరాదు. దానికి వేరే శుభ్రమైన గుడ్డ ఉండాలి.

కార్యదర్శులు ఈ అంశాలను పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించి, నోటీసు బోర్డుపై ఉంచవలసిందిగా కోరుచున్నాము.