తూము లేని చెరువులో బస

ఈజిప్టు పశ్చిమ ఎడారిలో, లిబియా సరిహద్దుకు సుమారు 50 కిలోమీటర్ల ఇవతల సీవా అనే ఒయాసిస్సు ఉంది. అక్కడ ఉప్పు సరస్సు ఒడ్డున, తెల్లటి గుట్ట పాదాన అద్రేర్ అమెల్లాల్ అనే ఎకోలాడ్జి కట్టారు. కైరోకు చెందిన మునీర్ నేమతల్లా అనే పర్యావరణ నిపుణుడి ఆలోచన అది. గదుల్లో కరెంటు ఉండదు. పొద్దుగూకితే కొవ్వొత్తులు, నూనె దీపాలు వెలిగిస్తారు. చలికాలం రాత్రి గదిలోకి నిప్పుల కుంపటి వస్తుంది. ఇలాంటి చోట బస చేసి వచ్చినవాళ్లు చెప్పేదీ, ఫొటోల్లో చూపించేదీ చాలావరకు ఆ కొవ్వొత్తుల గురించే. చూడముచ్చటగా ఉంటాయి, కాదనను. అయితే ఒయాసిస్సులో ఒక లాడ్జి ఆ నేలకు మేలు చేస్తోందో కీడు చేస్తోందో తెలియాలంటే దీపాలను పక్కనబెట్టి రెండు సంగతులు చూడాలి. మొదటిది గోడ. రెండోది, మనం స్నానం చేశాక ఆ నీళ్లు ఎటు పోతున్నాయన్నది.

ముందు గోడ. సీవాలో వాన దాదాపు కురవదు. కట్టడానికి తగిన కలపా లేదు, ఉన్నవి ఖర్జూర చెట్లు, ఆలివ్ చెట్లే. పుష్కలంగా దొరికేది ఉప్పు. సరస్సు అంచున నీరు ఇగిరిపోయిన చోట ఉప్పు, బంకమన్ను, ఇసుక కలిసి గట్టి పెచ్చుగా పేరుకుంటాయి. ఆ పెచ్చులను గడ్డలుగా పగలగొట్టి, తడి మట్టిని మధ్యలో పూసుకుంటూ ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. దీన్ని కెర్షెఫ్ అంటారు. మట్టి ఆరేకొద్దీ అందులోకి ఊరిన ఉప్పు స్ఫటికాలుగా మారి గడ్డనూ మట్టినీ పట్టేస్తుంది. కొన్నాళ్లకు గోడంతా ఏకశిలలా బిగుస్తుంది. పైకప్పుకు ఖర్జూరపు దూలాలు వేసి, మట్టలు పరిచి, మట్టి మెత్తుతారు.

కెర్షెఫ్ గోడను బాగా మందంగా కడతారు. అందుకే పగటి ఎండ వేడి గోడలోంచి లోపలికి దిగేసరికి బయట చల్లబడుతుంది. రాత్రి చలి లోపలికి చేరేసరికి మళ్లీ పొద్దెక్కుతుంది. వేసవిలో పగలు 40 డిగ్రీలు దాటి, శీతాకాలపు రాత్రి ఒంటి అంకె డిగ్రీలకు పడిపోయే చోట ఇదే ఏసీ, ఇదే హీటరు. లాడ్జి కరెంటు లేకుండా నడవగలుగుతున్నదంటే ఘనత ఈ గోడదే.

రాయలసీమ పాఠకులకు ఇది కొత్తగా తోచకపోవచ్చు. అక్కడి పాత మిద్దెల మీద చౌడుమన్ను పరిచేవారు. పంటకు పనికిరాని ఆ మన్ను తడిస్తే మెత్తబడి, సందులు మూసుకుపోయి, వాన నీటిని కిందికి దిగనివ్వదు. పొలానికి శాపమైన మట్టి ఇంటికి అక్కరకొచ్చింది. సీవాలో కథ ఇలాగే మొదలైనా, వానతో వ్యవహారం మాత్రం తలకిందులు. ఉప్పు గోడకు వాన అంటేనే ప్రాణగండం. 13వ శతాబ్దంలో కట్టుకున్న షాలీ అనే కోట ఊరు, అంతస్తుల మీద అంతస్తులతో శతాబ్దాలు నిలిచింది. 1926లో మూడు రోజులు ఎడతెరిపి లేని వాన పడి ఇళ్లు కరిగి జారాయి. జనం కోట దిగి కింద ఇళ్లు కట్టుకున్నారు. ఇప్పుడక్కడ కొత్తగా లేస్తున్నవి ఎక్కువగా సిమెంటు, సున్నపురాతి ఇటుకల ఇళ్లు. అవి కరగవు, ఏటేటా మరమ్మతు అడగవు, కానీ వేసవిలో ఉడికిపోతాయి.

ఇక్కడొక మాట చెప్పాలి. కరెంటు లేకుండా గడపడానికి అతిథి పెద్ద మొత్తం చెల్లిస్తాడు. పక్క ఊళ్లో సీవీలు, అంటే అక్కడి అమాజిగ్ జనం, ఫ్రిజ్జూ ఫ్యానూ ఉంటే బాగుండునని కోరుకుంటారు. అందులో తప్పేమీ లేదు. వాళ్లు సిమెంటు ఇంటికి మారారని వచ్చినవాడు నిట్టూర్చడం నాకు కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది. లాడ్జి చేసిన అసలు మంచిపని వేరే ఉంది. కెర్షెఫ్ కట్టే మేస్త్రీలకు మళ్లీ పని దొరికింది. మరచిపోతున్న పనితనానికి కూలి గిట్టింది.

ఇక నీళ్లు. ఎడారి అనగానే నీటి కొరత అనుకుంటాం. సీవా బాధ అందుకు విరుద్ధం. ఆ లోయ సముద్ర మట్టానికి 18 మీటర్ల వరకు దిగువన ఉంటుంది. నేలలోంచి వందలాది ఊటలు వాటంతటవే ఉబికివస్తాయి. అలెగ్జాండర్ క్రీస్తుపూర్వం 331లో ఇక్కడి అమ్మోన్ గుడిలో జోస్యం అడగడానికి ఎడారి దాటి వచ్చాడంటే, ఈ ఊటలున్నాయి కనుకనే ఆ గుడి, ఆ ఊరు ఉన్నాయి. ఎంత లోతున తవ్వితే అంత పాత నీరు తగులుతుంది. అడుగున ఉన్నది నూబియన్ ఇసుకరాతి పొరల్లోని నీరు. ఈజిప్టు, లిబియా, సూడాన్, చాద్ దేశాల కింద పరుచుకున్న ఈ నిల్వలో ఎక్కువ భాగం, సహారా పచ్చగా ఉన్న కాలాల్లో, వేలూ లక్షల ఏళ్ల కిందట కురిసిన వాన. తోడితే తగ్గడమే తప్ప మళ్లీ నిండేది లేదని చెప్పుకోవచ్చు.

వచ్చే దారి ఇంత ధారాళంగా ఉంది. పోయే దారి లేదు. సీవా తూము లేని చెరువు. లోయ చుట్టుపక్కల నేలకంటే, సముద్రంకంటే కూడా పల్లంలో ఉంది కనుక పొలంలో పారిన నీరు కాలువై ఎక్కడికీ వెళ్లలేదు. సరస్సులో చేరి, ఎండకు ఆవిరవుతుంది. నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది. ఊటలు మాత్రమే ఉన్న రోజుల్లో వచ్చిన నీటికీ ఇగిరే నీటికీ ఒక లెక్క కుదిరింది. ఊట నీటిని తోటల మధ్య వంతులవారీగా పంచుకునేవారు.

1980లలో మర్సా మత్రూహ్ నుంచి తారురోడ్డు వచ్చింది. సాగు పెరిగింది, ఎవరికి వారు బావులు తవ్వుకున్నారు. చాలా బావుల్లో నీరు దానంతటదే పొంగేది, కట్టేయడానికి మూత కూడా ఉండేది కాదు. మిగులు నీరంతా సరస్సుల్లో చేరి వాటి మట్టం పెరిగింది. నేలకింద నీరు పైకి వచ్చి ఖర్జూరం, ఆలివ్ వేళ్లను ముంచింది. కృష్ణా, సాగర్ ఆయకట్టుల్లో మురుగు పోక చౌడు తేలిన పొలాలు చూసిన రైతుకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. తర్వాత ప్రభుత్వం చాలా బావులను మూయించి, మురుగు కాలువల పని చేపట్టింది.

ఈ లెక్క తెలిశాక లాడ్జిని చూసే చూపు మారుతుంది. ఇక్కడ బకెట్ నీళ్లు తక్కువ వాడటమొక్కటే చాలదు. వాడిన నీరు సరస్సుకు చేరకుండా ఏంచేస్తున్నారన్నది ముఖ్యం. అద్రేర్ అమెల్లాల్‌లో వాడిన నీటిని ముందు తొట్లలో తేర్చి, తర్వాత కింద ఇంకకుండా కట్టిన మడుగులో పాపిరస్ మొక్కలకు వదులుతారు. అతిథులు ఈదేది ఊట నీటి కొలనులో, తినేది చాలావరకు అక్కడి తోటలో పండినదే. ఈ ఏర్పాటు ఖర్చుతో కూడినది. సీవాలోనూ, మొరాకో నుంచి ఒమాన్ దాకా ఇతర ఒయాసిస్సుల్లోనూ ఎకో అని బోర్డు పెట్టుకున్నవన్నీ ఇలా చేస్తాయని అనుకోకూడదు. మట్టి రంగు పూసిన సిమెంటు గోడ, లోపల ఏసీ, వెనకాల సెప్టిక్ ట్యాంకు ఉన్నచోట కూడా మంచం పక్కన కొవ్వొత్తి వెలుగుతూనే ఉంటుంది. గది బుక్ చేసేముందు గోడ దేనితో కట్టారు, నీరు ఊటదా బోరుదా, మురుగు ఎక్కడికి పోతుంది అని అడిగితే చాలు. నిజంగా చేసేవాళ్లు సంతోషంగా, వివరంగా చెబుతారు. మిగతావాళ్లు నక్షత్రాల గురించి చెబుతారు.

వెళ్లదలచినవారు అక్టోబరు, మార్చి మధ్య వెళ్లడం మేలు. శరదృతువులో ఖర్జూరం కోతలు, ఆ వెనుకే ఆలివ్ పని ఉంటాయి. అక్టోబరు పౌర్ణమికి దక్రూర్ కొండ దగ్గర సీవీలు మూడు రోజుల పాటు కలిసి వండుకుని తినే పండుగ జరుగుతుంది. ఏడాదిలో వచ్చిన తగాదాలను అక్కడ రాజీ చేసుకుంటారు. ఉప్పు తవ్విన నీలి గుంటల్లో తేలడం ఇప్పుడు పెద్ద ఆకర్షణ. ఒంటిమీద గాయముంటే దిగకండి, మండిపోతుంది. తేలాక ఒళ్లు కడుక్కోవడానికి మంచినీటి ఊట దగ్గరికి తీసుకెళతారు. అక్కడ సబ్బు, షాంపూ వాడకండి, ఆ నీరే కిందనున్న తోటకు పారేది.