పూత రాలిన ఆటల ఏడాది

2020 మార్చి మూడో వారం. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి తోటల్లో పిందెలు కాయలవుతున్న రోజులు. రాష్ట్రంలో బడులు, కళాశాలలు మూతపడ్డాయి. 25వ తేదీ నుంచి దేశమంతా లాక్‌డౌన్. బంగినపల్లి, రసాలు కోతకొచ్చేనాటికి కూలీలు దొరుకుతారా, నున్న మార్కెట్‌కు సరుకు చేరుతుందా, ఉత్తరాదికి లారీలు కదులుతాయా అని రైతులు బెంగపడ్డారు. ఆ బెంగ పత్రికలకెక్కింది. అదే సమయంలో చెదిరిపోయిన మరో సీజన్ గురించి మాత్రం పెద్దగా చర్చ జరగలేదు. అది కళాశాల అమ్మాయిల ఆటల సీజన్.

మామిడికి ఏడాదికొక్కసారే పూత. మంచుకో, తేనెమంచు పురుగుకో అది రాలిపోతే రైతు మళ్లీ ఏడాది ఎదురుచూడాలి. అయినా చెట్టు తోటలోనే ఉంటుంది. డిగ్రీ మూడో సంవత్సరం అమ్మాయి మరుసటి ఏడాది ఆ కళాశాలలో ఉండదు. ఆమె ఆడాల్సిన చివరి సీజన్ రద్దయితే, దాన్ని తిరిగి ఇచ్చే ఏర్పాటు ఎవరైనా చేయాలి. లేకపోతే అది పోయినట్టే. ఆ ఏర్పాటు కొన్నిచోట్ల జరిగింది, కొన్నిచోట్ల జరగలేదు. మహమ్మారి కాలంలో మహిళల కళాశాల క్రీడల కథంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

నూజివీడులో ఈ విషయం అర్థం కావడానికి ట్రిపుల్ ఐటీని చూస్తే చాలు. 2008లో మొదలైన ఈ సంస్థలో పదో తరగతి పాసైన పిల్లలు, ఎక్కువగా పల్లెల నుంచి వచ్చినవాళ్లు, చేరతారు. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు ఇంజినీరింగ్, మొత్తం ఆరేళ్లు హాస్టల్లోనే. చదువు, స్నేహాలు, సాయంత్రం ఆట అన్నీ ఆ ప్రాంగణంలోనే. 2020లో పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు. అక్కడి భవనాలను క్వారంటైన్ కేంద్రంగా వాడారు. ప్రజల ప్రాణాల ముందు అది తప్పనిసరి నిర్ణయం. కానీ హాస్టల్ ఖాళీ అయిన రోజే జట్టు కూడా చెదిరిపోయింది. ఒకే కోర్టులో ఆడిన అమ్మాయిలు వేర్వేరు జిల్లాల్లోని ఊళ్లకు చేరారు.

బాస్కెట్‌బాల్‌కు ఈ చెదిరిపోవడం మరీ కష్టం. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న కోర్టులో పది మంది ఒకరినొకరు తోసుకుంటూ, ఒకే బంతిని చేతులు మారుస్తూ ఆడే ఆట ఇది. వైరస్‌కు ఇంతకంటే అనువైన చోటు ఉండదు. అందుకే 2020 మార్చి 11న రూడీ గోబెర్ అనే ఆటగాడికి కొవిడ్ తేలగానే అమెరికాలో ఎన్‌బీఏ లీగ్ మొత్తం ఆగింది. ఇంటి పెరట్లో ఒంటరిగా ఉన్న అమ్మాయి ఏం సాధన చేయగలదు? నేల గట్టిగా ఉంటే బంతిని రెండు చేతులా కొట్టుకోవచ్చు. గోడకు గురిచూసి విసరవచ్చు. తాడాట ఆడి దమ్ము నిలుపుకోవచ్చు. కానీ తోటి ఆటగత్తె ఏ క్షణంలో మలుపు తిరుగుతుందో పసిగట్టి, ఆమె చేరబోయే చోటికి బంతి వేయడం ఒక్కతే నేర్చుకోలేదు. అది ఐదుగురు కలిసి నెలల తరబడి ఆడితేనే వచ్చే విద్య.

ఇంట్లో పరిస్థితి కూడా అబ్బాయికి, అమ్మాయికి ఒకటి కాదు. కళాశాల ఉన్నన్నాళ్లూ ‘ప్రాక్టీసుంది’ అన్న మాట ఆమెకు రెండు గంటల స్వేచ్ఛనిచ్చేది. ఇంటికి చేరాక ఆ గంటలు వంటింటికీ, చిన్నపిల్లల ఆలనాపాలనకూ పోయాయి. పైగా పెళ్లి మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. ఇలాంటిచోట ఖాళీగా గడిచిన ఒక్క ఏడాది అమ్మాయి ఆటకు శాశ్వతంగా తెర దించగలదు.

సీజన్ రద్దయితే పోయేది కప్పు ఒక్కటే కాదు. మన విశ్వవిద్యాలయ క్రీడలు మెట్లు మెట్లుగా సాగుతాయి. ముందు అంతర్ కళాశాలల పోటీలు, అందులో రాణించినవాళ్లతో విశ్వవిద్యాలయ జట్టు, ఆ తర్వాత సౌత్ జోన్, చివరికి అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు. భారత విశ్వవిద్యాలయాల సంఘం, అంటే ఏఐయూ, వీటిని నడుపుతుంది. ఆడాలంటే వయసు 17 నుంచి 25 ఏళ్ల మధ్య ఉండాలి. ఈ మెట్ల చివర ఒక కాగితం ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలో దాన్ని ఫారం-3 అంటారు. క్రీడాకారిణి పేరు, ఆడిన ఆట, పోటీ జరిగిన ఊరు, తేదీలు, జట్టుకు దక్కిన స్థానం రాసి, విశ్వవిద్యాలయ క్రీడల బాధ్యుడు సంతకం చేస్తే అది చెల్లుతుంది. పోటీయే జరగకపోతే ఆ గళ్లలో రాయడానికి ఏమీ ఉండదు. తండ్రి కౌలు తోట చేసుకునే ఇంటి అమ్మాయికి రైల్వేలోనో తపాలాలోనో ఉద్యోగం తెచ్చిపెట్టగల కాగితం అది.

మహమ్మారి ముందు పరిస్థితి ఆశాజనకంగానే ఉంది. మొదటి ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడలు 2020 ఫిబ్రవరి 22 నుంచి మార్చి 1 వరకు భువనేశ్వర్‌లో జరిగాయి. విశ్వవిద్యాలయ క్రీడాకారులకు అంత పెద్ద వేదిక దొరకడం కొత్త. అవి ముగిసిన మూడున్నర వారాలకే దేశం లాక్‌డౌన్‌లోకి వెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో కళాశాలలు నవంబరు 2 నుంచి దశలవారీగా తెరుచుకున్నా, ముందు నిలిచిపోయిన పాఠాలు, పరీక్షలు చూసుకోవాల్సి వచ్చింది. కాస్త కుదుటపడేలోగా రెండో అల. 2021 మే 5 నుంచి రాష్ట్రంలో కర్ఫ్యూ. మళ్లీ సరిగ్గా మామిడి కోతల వేళ.

అమెరికాలోనూ దెబ్బ గట్టిగానే తగిలింది. ఒరెగాన్ విశ్వవిద్యాలయ క్రీడాకారిణి సబ్రీనా అయొనెస్కు 2020 ఫిబ్రవరి 24న కళాశాల బాస్కెట్‌బాల్‌లో 2000 పాయింట్లు, 1000 అసిస్టులు, 1000 రీబౌండ్లు పూర్తిచేసిన తొలి వ్యక్తి అయింది. పురుషుల్లోనూ అంతకుముందు ఎవరూ ఆ ఘనత సాధించలేదు. జాతీయ టైటిల్ కోసమే ఆమె అంతకుముందు ఏడాది ప్రొఫెషనల్ లీగ్‌ను కాదని కళాశాలలో ఉండిపోయింది. మార్చి 12న కళాశాల క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ జాతీయ టోర్నీని రద్దు చేసింది. ఆ టైటిల్ కోసం ఆడే అవకాశం ఆమెకు మళ్లీ రాలేదు.

మరుసటి ఏడాది ఆట జరిగింది కానీ, చాలా కష్టం మీద. కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ 2020 నవంబరు చివర్లో శారీరక స్పర్శ ఉండే ఆటలను నిషేధించడంతో స్టాన్‌ఫర్డ్ అమ్మాయిలు సొంత కోర్టు వదిలి సుమారు పది వారాలు హోటళ్లలో గడిపారు. ఆ తిరుగుడులోనే, డిసెంబరు 15న, కోచ్ తారా వాన్‌డర్‌వీర్ 1099వ విజయంతో, అత్యధిక విజయాల్లో మరో కోచ్ పాట్ సమ్మిట్ పేరిట ఉన్న రికార్డును దాటారు. ఇంకోవైపు డ్యూక్ విశ్వవిద్యాలయ మహిళల జట్టు అదే నెలలో సీజన్ నుంచి తప్పుకుంది. ఆడినవాళ్లదీ, మానినవాళ్లదీ ఎవరి కారణం వారిది.

2021 మార్చిలో మహిళల టోర్నీ మొత్తాన్ని టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో పరిసరాల్లోనే పెట్టారు. అక్కడే మహమ్మారి ఒక పాత గాయాన్ని బయటపెట్టింది. ఒరెగాన్ క్రీడాకారిణి సెడోనా ప్రిన్స్ ఫోన్‌లో ఒక చిన్న వీడియో తీసి పెట్టింది. పురుషుల టోర్నీలో హాలు నిండా వ్యాయామ పరికరాలు. మహిళలకు ఒక చిన్న స్టాండు మీద కొన్ని డంబెళ్లు. స్థలం లేదన్న వివరణ వచ్చింది. ఆమె కెమెరా తిప్పి పక్కనే ఉన్న విశాలమైన ఖాళీ జాగా చూపించింది. కొవిడ్ పరీక్షల్లోనూ తేడానే. పురుషులకు పీసీఆర్, మహిళలకు త్వరిత యాంటిజెన్ పరీక్ష. దేశమంతా నిలదీశాక కొద్ది రోజుల్లో పరికరాలు వచ్చాయి. స్వతంత్ర విచారణ జరిగింది. 2022 నుంచి మహిళల టోర్నీకీ ‘మార్చ్ మ్యాడ్‌నెస్’ పేరు వాడుకునే హక్కు, పురుషులతో సమానంగా 68 జట్లు వచ్చాయి. ఆ 2021 ఫైనల్లో స్టాన్‌ఫర్డ్ అరిజోనాను 54-53తో ఓడించింది.

అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం ఒకటుంది. 2020-21 సీజన్‌ను ఎవరి అర్హతలోనూ లెక్కించబోమని ఎన్‌సీఏఏ ప్రకటించింది. నాలుగేళ్లు ఆడే అర్హత ఉన్నవారికి ఐదో ఏడు దొరికింది. కొత్తగా చేరినవాళ్లకు జట్టులో చోటు తగ్గడం లాంటి చిక్కులు వచ్చినా, పోయిన ఏడాదికి బదులు దొరికిందన్నది వాస్తవం. మహిళల ఆటకు ఆదరణా పెరిగింది. 2024లో సౌత్ కరోలినా, అయోవా జట్ల మహిళల ఫైనల్‌ను సుమారు కోటీ 90 లక్షల మంది చూశారు. అది పురుషుల ఫైనల్ కంటే ఎక్కువ.

మన దగ్గర ఆట తిరిగి వచ్చింది, ఆలస్యంగా. 2019 డిసెంబరులో లూధియానాలో జరిగిన జాతీయ సీనియర్ బాస్కెట్‌బాల్ పోటీలు మళ్లీ జరిగింది 2022 ఏప్రిల్‌లో, చెన్నైలో. మహిళల ఫైనల్లో రైల్వేస్‌తో తలపడింది తెలంగాణ జట్టే. అదే నెల 24న బెంగళూరులో రెండో ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడలను నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించారు. వాటి పేరులో 2021 అనే ఉంది, జరిగింది 2022లో. 2020లో డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న అమ్మాయిలు అప్పటికి కళాశాల దాటి రెండేళ్లయింది.

ఇంకో విపత్తు వచ్చేలోగా చేయదగ్గ పనులు పెద్దవేమీ కావు. విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపికై, పోటీ రద్దయిన అమ్మాయికి ఆ ఎంపికను ధ్రువీకరించే పత్రం ఇవ్వాలి, ఉద్యోగ నియామకాల్లో దానికి కొంత విలువ కట్టాలి. హాస్టల్ మూసేటప్పుడు క్రీడాకారిణి చేతికి ఒక బంతి, వారాలవారీ సాధన పట్టిక ఇచ్చి పంపాలి. ఆమె తల్లిదండ్రులతో వ్యాయామ అధ్యాపకులు నెలకోసారైనా ఫోన్లో మాట్లాడితే ఆ రెండు గంటలు ఇంట్లోనూ దక్కుతాయి. ఇక 17-25 ఏళ్ల నిబంధన పక్కనే, పోటీలు జరగని సంవత్సరాన్ని వయసు లెక్కలోంచి మినహాయించాలన్న వాక్యం శాశ్వతంగా చేర్చాలి. దానికి రూపాయి ఖర్చు కూడా లేదు.