ఇక చాలని కణానికి ఎవరు చెబుతారు?

అమ్మడూ, సైకిలు మీంచి పడి మోకాలు చెక్కుకుపోయినప్పుడు నన్నొక మాట అడిగావు. చెక్కు కట్టింది, రాలింది, కింద లేత చర్మం వచ్చింది. దాన్ని వేలితో తడిమి చూసుకుంటూ, ‘తాతయ్యా, చర్మం పెరగడం మొదలుపెట్టింది సరే, సరిగ్గా గాయం పూడగానే ఎలా ఆగింది?’ అన్నావు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి తలలు పట్టుకున్న ప్రశ్న అది. తీరిగ్గా చెబుతాను, కూర్చో.

దెబ్బ తగిలిన చోట ముందు జరిగేదేమిటంటే, గాయం అంచున ఉన్న చర్మకణాలు కదులుతాయి. రెండు వైపుల నుంచీ ఖాళీలోకి పాకుతూ వస్తాయి, వెనక ఉన్నవి రెండేసిగా విడిపోయి సంఖ్య పెంచుకుంటాయి. ఈ అంచు కణాలూ ఆ అంచు కణాలూ కలుసుకున్నాయా, పాకడం ఆగిపోతుంది. విడిపోయే వేగం కూడా తగ్గిపోతుంది. ప్రయోగశాలలో గాజుపళ్ళెంలో కణాలు పెంచినా ఇదే తంతు. పళ్ళెం అడుగంతా ఒక్క వరసలో పరుచుకుని, చోటు నిండగానే ఊరుకుంటాయి. క్యాన్సర్ కణాలు అలా ఊరుకోవు. ఒకదాని మీదొకటి ఎక్కి కుప్పలు పడతాయి. అంటే పక్కన తోడు ఉన్నదని మామూలు కణానికి తెలుస్తోంది, ఆ తెలివిడే దాన్ని ఆపుతోంది. ఎలా తెలుస్తోంది అన్నదే అసలు సంగతి.

కణాలు ఒకదాన్నొకటి గుర్తుపడతాయని మొదట కళ్ళకు కట్టినట్టు చూపించినవాడు అమెరికాలో హెచ్.వి. విల్సన్ అనే ఆయన. 1907లో ఆయన సముద్రపు స్పాంజి జీవిని సన్నటి పట్టుబట్టలో వేసి నీళ్ళలోకి పిండాడు. జీవి కాస్తా విడివిడి కణాలైపోయింది. కాసేపటికి ఆ కణాలు అడుగున చేరి, ఒకదాన్నొకటి వెతుక్కుంటూ ముద్దలు కట్టాయి. రోజులు గడిచేసరికి ఆ ముద్దలే మళ్ళీ స్పాంజి జీవులయ్యాయి! మనలాంటి జీవుల కణాలను ఏ పదార్థం అలా కలుపుతోందో మాత్రం ఇంకా చాలా ఏళ్ళ దాకా అంతుపట్టలేదు.

ఆ ముడి విప్పిన వాళ్ళలో ముందు చెప్పుకోవలసినవాడు జపాన్‌లోని క్యోటో నుంచి వచ్చిన మసతోషి తాకేయిచి. 1970ల మధ్యలో ఆయన అమెరికాలోని బాల్టిమోర్‌లో కార్నెగీ సంస్థ పిండశాస్త్ర విభాగానికి పని నేర్చుకోవడానికి వెళ్ళాడు. కణాలను విడదీయడానికి ట్రిప్సిన్ అనే ఎంజైమ్ వాడతారు. క్యోటోలో ఆ ట్రిప్సిన్‌తో విడదీసిన కణాలు తర్వాత చక్కగా మళ్ళీ అతుక్కునేవి. బాల్టిమోర్‌లో అదే పని చేస్తే అతుక్కోలేదు. మనిషి అదే, పద్ధతి అదే, మరి తేడా ఎక్కడ? సీసాలో ఏముందో ఆరా తీస్తే, అక్కడి ట్రిప్సిన్ ద్రావణంలో ఈడీటీఏ అనే రసాయనం కలిపి ఉందని తేలింది. ఈడీటీఏ చేసే పని క్యాల్షియంను పట్టేసుకోవడం. క్యాల్షియం ఉన్నంతసేపూ కణం పైనున్న ఒక ప్రొటీన్‌ను ట్రిప్సిన్ ముట్టుకోలేకపోతోంది. క్యాల్షియం పోయిందా, దాన్ని ముక్కలు చేసేస్తోంది. కణాలను కలిపి ఉంచేది ఆ ప్రొటీనే అన్నమాట! 1984లో దానికి క్యాడ్‌హెరిన్ అని పేరు పెట్టారు. ఇంచుమించు అదే కాలంలో ఐరోపాలో రోల్ఫ్ కెమ్లర్ వాళ్ళూ మరో దారిన దీని దగ్గరికే వచ్చారు. ఇద్దరికీ కలిపి 2020లో కెనడా వాళ్ళు గైర్డ్‌నర్ పురస్కారం ఇచ్చారు.

క్యాడ్‌హెరిన్లలో చాలా రకాలున్నాయి. చర్మం పై పొరలో, పేగు లోపలి పొరలో, పాలగ్రంథుల్లో, ఇలా శరీరానికి పొరలు పరిచే చోటల్లా ఉండేది ఇ-క్యాడ్‌హెరిన్. మనలో దీని జన్యువు 16వ క్రోమోజోమ్ మీద ఉంది. తయారైనప్పుడు 882 అమినో ఆమ్లాల పొడవుంటుంది. ముందు భాగం కత్తిరించేశాక మిగిలే 728 అమినో ఆమ్లాల ప్రొటీనే పని చేస్తుంది. దీని శరీరంలో కొంత కణం బయట, కొంత కణం లోపల. బయటి భాగంలో వరసగా అయిదు కణుపులుంటాయి. రెండు కణుపుల మధ్య చేరే క్యాల్షియమే దాన్ని నిటారుగా, బిరుసుగా నిలబెడుతుంది.

నువ్వూ మీ అత్తయ్య కూతురూ ఒప్పులకుప్ప తిరుగుతారే, అది గుర్తు తెచ్చుకో. ఎదురెదురుగా నిలబడి, చేతులు అడ్డంగా మార్చి పట్టుకుని, వెనక్కి వాలి గిర్రున తిరుగుతారు. నీ బరువు దాని చేతిలో, దాని బరువు నీ చేతిలో. మోచేతులు బిగించి ఉంచితేనే తిరగగలరు, సడలిస్తే ఇద్దరూ పడతారు. ఇ-క్యాడ్‌హెరిన్ పట్టు కూడా ఇలాంటిదే. ఈ కణం ప్రొటీన్ కొసన రెండో స్థానంలో ఉండే ట్రిప్టోఫాన్ అనే అమినో ఆమ్లం అవతలి కణం ప్రొటీన్‌లో ఉన్న చిన్న గుంటలో ఇముడుతుంది. అవతలిది వచ్చి దీని గుంటలో ఇముడుతుంది. ఇచ్చిపుచ్చుకునే పట్టు. మోచేతుల బిగువు క్యాల్షియం ఇస్తుంది. ఒక్కో పట్టు బలం ఏపాటిది? చాలా తక్కువ. వందలూ వేలూ చేరితేనే కణాలు విడిపోకుండా ఉంటాయి.

ఇంతవరకూ ఇది అతుకు కథ. నువ్వడిగింది ఆగడం గురించి కదా! దానికి కణం లోపలికి తొంగిచూడాలి. ఇ-క్యాడ్‌హెరిన్ లోపలి కొసను బీటా-కాటెనిన్ అనే మరో ప్రొటీన్ పట్టుకుని ఉంటుంది. దాన్ని ఆల్ఫా-కాటెనిన్ పట్టుకుంటుంది. అది కణం లోపలి ఆక్టిన్ పోగులకు కలుస్తుంది. పక్కకణం లాగితే ఆ లాగుడు లోపలి దాకా అందుతుంది. ఈ బీటా-కాటెనిన్‌కు ఇంకో ఉద్యోగం కూడా ఉంది. తగిన సంకేతం వచ్చినప్పుడు కేంద్రకంలోకి వెళ్ళి, పెరుగుదల జన్యువులను మేల్కొలుపుతుంది. అతుకు దగ్గర కాపలాకాసేదీ, పెరగమని పురమాయించేదీ ఒకే ప్రొటీన్ కావడం చూశావా! వైఏపీ అనే ఇంకో ప్రొటీన్ కూడా ఉంది. కణాలు ఒత్తుగా ఉన్నప్పుడు అది కేంద్రకం బయటే నిలిచిపోతుంది. పలచగా ఉన్నప్పుడు లోపలికి వెళ్ళి విభజన జన్యువులను తట్టిలేపుతుంది.

కణం ఆగేది ఇరుకు వల్లనా, పట్టు వల్లనా? ఈ అనుమానం తీర్చడానికి అమెరికాలో బ్యారీ గంబినర్ బృందం చేసిన ప్రయోగం నాకెంతో ఇష్టం. పక్కన మరే కణమూ లేని ఒంటరి కణాలను తీసుకున్నారు. చుట్టూ కావలసినంత చోటుంది, తిండి ఉంది. చిన్న చిన్న పూసలకు ఇ-క్యాడ్‌హెరిన్ పూత పూసి వాటి మీద వేశారు. పూసకు ప్రాణం లేదు, కణం కాదు, అయినా దాని మీదున్న ప్రొటీన్‌ను ఈ కణం పట్టుకుంది. పట్టుకున్న కణాల్లో విభజన తగ్గింది. 2007లో ఒకసారి, 2011లో మరోసారి ఈ ఫలితాలు అచ్చయ్యాయి. అంటే చోటు చాలక కాదమ్మా ఆగేది. పట్టుకోవడానికి తోడు దొరికింది కాబట్టి ఆగుతుంది. అతికించడం, అదుపు చేయడం రెండు వేరు పనులు కావు.

అలాగని ఈ పట్టు ఎప్పుడూ వదలకూడదనీ కాదు. పేగు లోపలి పొర మూడు నుంచి అయిదు రోజులకోసారి కొత్తదవుతుంది. చర్మం పై పొరకు నెల పడుతుంది. పాతవి వదిలి వెళ్ళాలి, కొత్తవి వచ్చి పట్టుకోవాలి. నువ్వు మీ అమ్మ కడుపులో ఇంకా గుప్పెడు కణాలుగా ఉన్నప్పుడు, విడివిడిగా గుండ్రంగా ఉన్న ఆ కణాలన్నీ ఒక్కసారిగా దగ్గరికి హత్తుకుని ఒకే ముద్దయ్యాయి. ఎలుక పిండంలో ఇది ఎనిమిది కణాల దశలో జరుగుతుంది. హత్తుకునేది ఇ-క్యాడ్‌హెరిన్ వల్లనే. ఆ తర్వాత మెదడూ వెన్నుపామూ ఏర్పడేటప్పుడు కొన్ని కణాలు దాన్ని తీసేసి ఎన్-క్యాడ్‌హెరిన్ పెట్టుకుంటాయి. రకం మారితే జట్టు మారుతుంది. ఏ రకం క్యాడ్‌హెరిన్ ఉన్నవి ఎక్కువగా ఆ రకం వాటితోనే చేరతాయి. కనుక వేళ తెలిసి వదలడం కూడా ఒంటికి అవసరమే. వేళ కాని వేళ వదిలితేనే ప్రమాదం.

అలాంటి ప్రమాదం చవిచూసిన ఒక పెద్ద కుటుంబం న్యూజిలాండ్‌లో ఉంది. వాళ్ళు మావోరిలు, అంటే అక్కడి మూలవాసులు. ముప్ఫై ఏళ్ళలో ఆ ఇంటివాళ్ళు పాతికమంది దాకా కడుపు క్యాన్సర్‌తో పోయారు. అందులో చిన్న వయసు వాళ్ళూ ఉన్నారు. ఏ పాపమని ఏడుస్తూ కూర్చోకుండా, వాళ్ళే ఓటాగో విశ్వవిద్యాలయంలోని పారీ గిల్‌ఫర్డ్ బృందంతో చేయి కలిపారు. ఎవరికి ఎప్పుడు ఏం జరిగిందో చెప్పారు, రక్తం ఇచ్చారు. 1998లో కారణం బయటపడింది. ఇ-క్యాడ్‌హెరిన్ జన్యువులో పుట్టుకతో వచ్చిన లోపం. ప్రతి మనిషికీ ఈ జన్యువు ప్రతులు రెండుంటాయి. ఒకటి పుట్టుకతోనే చెడి ఉంటే, పొట్ట పొరలో ఏదో ఒక కణంలో రెండోది కూడా పోతే చాలు, ఆ కణం పట్టు తప్పుతుంది. ఈ రకం క్యాన్సర్ గడ్డ కట్టదు. దీని కణాలు పొర అడుగున ఒకటొకటిగా చెదిరిపోతాయి. అందుకే ఎండోస్కోపీకి కూడా ఒక్కోసారి దొరకదు. ఇదే లోపం ఉన్న ఆడవాళ్ళకు లోబ్యులర్ అనే రకం రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువ.

కారణం తెలిశాక ఆ కుటుంబంలో పరీక్షలు చేయించుకున్నారు. లోపం లేదని తేలినవాళ్ళు నిశ్చింతగా ఉన్నారు. ఉన్నవాళ్ళలో చాలామంది జబ్బు రాకముందే పొట్ట మొత్తం తీయించుకున్నారు. అన్ననాళాన్ని నేరుగా చిన్నపేగుకు కలిపి కుడతారు. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి, బీ12 బయటి నుంచి తీసుకోవాలి. కష్టమే, కానీ బతుకుతారు. లోపం ఉన్న ప్రతివాళ్ళకీ క్యాన్సర్ వస్తుందనీ లేదు. అందుకే ఏం చేయాలన్నది నిపుణులతో కూర్చుని తేల్చుకోవలసిన మాట.

మన ఇళ్ళల్లో పోయినవాళ్ళ జబ్బు పేరెత్తితే అపశకునమంటారు. పిల్ల పెళ్ళికి అడ్డమని దాస్తారు. ఆ దాపరికం తగదమ్మా. ఒకే వంశంలో ఇద్దరు ముగ్గురికి, అదీ చిన్న వయసులో, ఇలాంటి క్యాన్సర్ వస్తే డాక్టరుకు చెప్పి తీరాలి. హైదరాబాద్ నిమ్స్ లాంటి పెద్దాసుపత్రుల్లో జన్యువైద్య విభాగాలు ఉన్నాయి, సలహా చెబుతారు. ఒక నోటు పుస్తకం తెచ్చుకో. మన తాతముత్తాతల్లో, అమ్మమ్మల నాన్నమ్మల వైపు, ఎవరు ఏ వయసులో ఏ జబ్బుతో పోయారో నాకు తెలిసినంతవరకు చెబుతాను, రాసుకో. రేపు నీకూ నీ పిల్లలకూ పనికొస్తుంది.