రంగుల జొన్న, రంగుల మొక్కజొన్న: విత్తనాన్ని నిలుపుకొనే విధానం

బళ్లారి సంతలో ‘జోళ’ అని అడిగినవారికి జొన్నలు, ‘మెక్కెజోళ’ అని అడిగినవారికి మొక్కజొన్నలు లభిస్తాయి. పేర్లలో పోలిక ఉన్నప్పటికీ ఇవి రెండూ వేర్వేరు పంటలు. జొన్న ఆఫ్రికా ఖండం నుండి వేల ఏండ్ల క్రితమే మన దేశానికి చేరింది. మొక్కజొన్నకు పుట్టినిల్లు మెక్సికో. ఈ రెండింటికీ పరస్పరం సంకరం జరగదు. అందువల్ల విత్తనం కట్టే పద్ధతి కూడా దేనిది దానిదే.

1953 అక్టోబరు 1న ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలో చేరగా, మిగిలిన బళ్లారి జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఎల్లలు మారినా నల్లరేగడి నేలల స్వభావం మారలేదు. కనుక స్వగ్రామం నుండి మూటకట్టి తెచ్చుకొన్న పచ్చజొన్నలు, ఎర్రజొన్నలు ఇక్కడి చేలలోనూ పండగలవు. అయితే అవి తరువాతి తరాలలోనూ అదే రంగుతో, అదే రుచితో నిలవడం విత్తనం కట్టేవారి జాగ్రత్తపై ఆధారపడి ఉంటుంది.

జొన్న విషయంలో

జొన్న ప్రధానంగా తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందుతుంది. అయినా గాలికి కొంత పరపుప్పొడి చేరుతుంది. అందుచేత ఇతర రకాలకు చేరువగా ఉండే గట్టువార కంకులను వదలి, చేను నడుమ ఉన్న ఆరోగ్యకరమైన మొక్కలనుండి విత్తనపు కంకులను ఎన్నుకోవాలి. ఒకే కంకితో సరిపెట్టుకోక ఇరవై, ముప్పై మొక్కలనుండి సేకరించడం మేలు. పూతకు ముందే కంకికి కాగితపు సంచి తొడిగితే రకం మరింత శుద్ధంగా ఉంటుంది.

మొక్కజొన్న విషయంలో

మొక్కజొన్న పరపరాగ సంపర్కపు పంట. మొక్క కొనన ఉన్న మగపూత నుండి రాలిన పుప్పొడి గాలిలో ప్రయాణించి కండె పీచుపై పడుతుంది. ఒక్కొక్క పీచు ఒక్కొక్క గింజకు దారి. తెల్లని రకపు పీచుపై పసుపు రకపు పుప్పొడి పడితే, ఆ ఏటనే ఆ కండెలో పసుపు గింజలు కనిపిస్తాయి. ఊదా, నీలి రంగులు సాధారణంగా గింజ పైతోలు క్రింది పొరలో ఏర్పడతాయి. ఎర్రరంగు పైతోలులోనే ఉంటే అది తల్లి మొక్కకు చెందినది; పరపుప్పొడి పడినా ఆ ఏడు మారదు. అందువల్ల కంటికి మార్పు కనిపించనంత మాత్రాన సంకరం జరగలేదని భావించరాదు. ఇటువంటి రంగు గింజలను పరిశీలించే బార్బరా మెక్‌క్లింటాక్ జన్యువుల చలనాన్ని కనుగొని 1983లో నోబెల్ బహుమతి పొందారు.

చుట్టూ హైబ్రిడ్ మొక్కజొన్న చేలున్న చోట రంగు రకానికి కనీసం 200 మీటర్ల ఎడం అవసరం. అంత స్థలం లేనివారు పూత సమయాలు కలవకుండా మూడు, నాలుగు వారాల తేడాతో విత్తాలి. లేదా పీచు వెలువడక ముందే కండెకు సంచి తొడిగి, అదే రకపు ఇతర మొక్కల పుప్పొడిని ఉదయం వేళ చేతితో అద్ది, మరల కప్పి ఉంచాలి. కొద్ది మొక్కలనుండే ఏటేటా విత్తనం తీస్తే పంట క్రమంగా బలహీనమవుతుంది. పెరడు చిన్నదైనప్పుడు నాలుగైదు కుటుంబాలు ఒకే రకాన్ని పెంచి, విత్తనాలను కలిపి పంచుకోవడం ఉత్తమం. హైబ్రిడ్ గింజలను దాచి మరల విత్తితే మొదటి పంట గుణాలు ఏకరీతిగా నిలవవు.

భద్రపరచడం, పంచుకోవడం

విత్తనాన్ని నీడలో బాగా ఆరబెట్టి, వేపాకు లేదా బూడిద కలిపి, గాలి చొరని పాత్రలో ఉంచి, రకం పేరును, సంవత్సరాన్ని వ్రాసిపెట్టాలి. ఇంట్లో దాచిన గింజల మొలకశక్తి ఏటేటా తగ్గుతుంది. కావున రెండు, మూడేండ్లకొకసారైనా విత్తి క్రొత్త విత్తనం తీయాలి.

పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ జన్యునిధిలో 40,000కు పైగా జొన్న నమూనాలు శీతల గదులలో ఉన్నాయి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు పాత పంటల విత్తనాలను తమ చేలలోనే నిలుపుకొంటూ వస్తున్నాయి. ఆ సంస్థకు 2019లో ఈక్వేటర్ బహుమతి లభించింది. 2001నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం రైతు తన విత్తనాన్ని దాచుకొనే, విత్తుకొనే, పంచుకొనే హక్కును గుర్తిస్తుంది. ఆ హక్కు నిలిచేది దానిని వినియోగించుకొన్నప్పుడే. ఒక ఇంట పోయిన రకం పొరుగింట మిగిలి ఉంటే, దానిని తిరిగి తెచ్చుకోవచ్చు.