క్రూజ్ ట్రిప్ ప్లాన్ చేస్తున్నారా?.. పాపికొండల బోటు, విశాఖ-చెన్నై షిప్, సింగపూర్ క్రూజ్.. ఫ్యామిలీకి ఏది బెస్ట్? టికెట్ ధర కంటే ముందు చూడాల్సినవి ఇవే!

జంగారెడ్డిగూడెం: సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు.. ఫోన్ తెరిస్తే క్రూజ్ షిప్‌ల వీడియోలే. నీలి సముద్రం, డెక్ మీద స్విమ్మింగ్ పూల్, రాత్రిపూట డ్యాన్స్ షో, కింద మెరిసే అక్షరాల్లో ‘మూడు రాత్రులు.. ఇంత మాత్రమే!’ అనే ధర. పిల్లలు చూస్తారు, వెళ్దాం అంటారు. నానమ్మ ‘సముద్రం మీదా.. నేను రాను’ అంటుంది. నాన్న మాత్రం కాలిక్యులేటర్ తీస్తాడు.

గోదావరి జిల్లాల వాళ్లకు నీళ్ల మీద ప్రయాణం కొత్తేమీ కాదు. పాపికొండల బోటు ఎక్కని కుటుంబాలు ఇక్కడ తక్కువే. కానీ బోటు వేరు, షిప్ వేరు. షిప్‌లలోనూ ఒక కంపెనీకి, ఇంకో కంపెనీకి చాలా తేడా ఉంటుంది. మరి వీటిని ఎలా పోల్చాలి? ఏ ప్రశ్నలు అడగాలి? జంగారెడ్డిగూడెం నుంచి బయల్దేరే ఆరుగురి కుటుంబాన్ని.. అంటే ఇద్దరు పెద్దవాళ్లు, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలను దృష్టిలో పెట్టుకుని చూద్దాం.

ముందుగా మన ముందున్న దారులు మూడు

ఒకటి, గోదావరి మీద పాపికొండల బోటు. ఉదయం ఎక్కి సాయంత్రానికి దిగేది.

రెండు, మన దేశం నుంచే బయల్దేరే సముద్రపు క్రూజ్. దీంట్లో ప్రస్తుతం ఎక్కువగా వినిపించే పేరు కార్డీలియా. 2021లో ముంబై నుంచి మొదలైన ఈ సంస్థ షిప్ ‘ఎంప్రెస్’ 2022 జూన్‌లో విశాఖపట్నం వచ్చింది. అక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు ప్రయాణికులను తీసుకెళ్లింది. 

మూడు, సింగపూర్ వెళ్లి అక్కడ ఎక్కే పెద్ద షిప్‌లు. జెంటింగ్ డ్రీమ్, రాయల్ కరీబియన్ షిప్‌లు ఈ లిస్టులో ముందుంటాయి.

పాపికొండలు: దగ్గర, చవక.. కానీ రేవు మారింది

జంగారెడ్డిగూడెం నుంచి పోలవరం దగ్గరే. ఒకప్పుడు పట్టిసీమ, పోలవరం, రాజమండ్రి వైపుల నుంచే బోటు ఎక్కేవాళ్లం. ఇప్పుడు పోలవరం ప్రాజెక్టు కట్టడం అడ్డుగా ఉంది కాబట్టి దానికి ఎగువన ఎక్కాలి. రాజమండ్రి వైపు నుంచి వెళ్లేవాళ్లకు దేవీపట్నం మండలంలోని గండిపోచమ్మ గుడి దగ్గరే రేవు. అంటే మనవాళ్లు కొవ్వూరు దగ్గర గోదావరి దాటి, అవతలి గట్టున పురుషోత్తపట్నం మీదుగా పైకి వెళ్లాలి. పాత లెక్కలో ‘పక్కనే కదా’ అని బయల్దేరితే బోటు టైమ్‌కి అందుకోలేరు.

ఇంకో దారి కూడా ఉంది. అశ్వారావుపేట మీదుగా భద్రాచలం వెళ్లి, రామయ్య దర్శనం చేసుకుని, వీఆర్ పురం మండలం పోచవరం దగ్గర బోటు ఎక్కొచ్చు. పెద్దవాళ్లు ఉన్న కుటుంబాలకు గుడి కూడా కలిసొస్తుంది.

టికెట్‌లో సాధారణంగా టిఫిన్, భోజనం కలిపే ఉంటాయి. పేరంటాలపల్లి ఆశ్రమం, శివాలయం దగ్గర ఆపుతారు. చుట్టూ 2008లో ప్రకటించిన పాపికొండల జాతీయ పార్కు అడవి. పాస్‌పోర్టు అక్కర్లేదు, రాత్రి బస అక్కర్లేదు. నానమ్మకి అలవాటైన అన్నమే దొరుకుతుంది.

అయితే వర్షాకాలం, వరద రోజుల్లో బోట్లు ఆపేస్తారు. చలికాలమే సరైన టైమ్.

కచ్చులూరు మర్చిపోకూడదు

ఈ మాట చెప్పకుండా పాపికొండల గురించి రాయడం కుదరదు. 2019 సెప్టెంబరు 15.. ఆదివారం. గోదావరి వరద మీదుంది. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగిపోయింది. బోటులో 77 మంది. ప్రాణాలతో బయటపడింది 26 మందే. వాళ్లను గట్టుకు చేర్చింది కూడా చుట్టుపక్కల గిరిజన గ్రామాల వాళ్లు, తమ చిన్న పడవలతో. లోతుల్లో కూరుకుపోయిన బోటును ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బయటికి తీసింది.

ఆ ప్రమాదం తర్వాత బోట్లు ఆగిపోయాయి. 2020లో రాష్ట్రంలో తొమ్మిది చోట్ల బోటు కంట్రోల్ రూములు పెట్టారు. అందులో గండిపోచమ్మ, పోచవరం, పేరంటాలపల్లి, సింగనపల్లి కూడా ఉన్నాయి. బోటుకి లైసెన్సు ఉందా, ఎంతమంది ఎక్కారు, లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని చూడాల్సింది వీళ్లే. 2021లో మళ్లీ పాపికొండల యాత్రకు అనుమతులు వచ్చాయి.

కాబట్టి కుటుంబంతో వెళ్లేవాళ్లు చేయాల్సింది సింపుల్. బోటు దగ్గర ఎవరో చేతికి ఇచ్చిన చీటీతో ఎక్కొద్దు. ప్రయాణికుల లిస్టులో మీ ఆరుగురి పేర్లూ ఉన్నాయో లేదో చూసుకోండి. పిల్లలకి పిల్లల సైజు జాకెట్ అడగండి. పెద్దవాళ్ల జాకెట్ వేస్తే నీళ్లలో పడగానే తలమీద నుంచి ఊడిపోతుంది. ఉక్కపోతగా ఉందనో, భోజనం వడ్డించారనో జాకెట్ విప్పొద్దు. ప్రమాదం భోజనం అయ్యేదాకా ఆగదు!

కార్డీలియా: దేశం దాటకుండా సముద్రం

ఇక షిప్ సంగతి. కార్డీలియా ఎంప్రెస్ కొత్త షిప్ కాదు. 1990లో ఫ్రాన్స్‌లో కట్టారు. మొదట రాయల్ కరీబియన్ సంస్థ నడిపింది. పొడవు 210 మీటర్లు. పదకొండు డెక్‌లు, దాదాపు 800 గదులు. ఇప్పుడొస్తున్న షిప్‌లతో పోలిస్తే చిన్నదే. కానీ మొదటిసారి ఎక్కేవాళ్లకి, మెట్లు, నడక ఎక్కువైతే ఇబ్బంది పడే పెద్దవాళ్లకి చిన్న షిప్ ఒక రకంగా మేలే.

దీని బలం ఏంటంటే.. భోజనం. శాకాహారం, జైన్ భోజనం సహా మన దేశపు వంటలు దొరుకుతాయి. దేశంలోనే తిరిగే రూటైతే ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చాలు. శ్రీలంక వెళ్లే రూటైతే పాస్‌పోర్టు, ఆ దేశం అడిగే ప్రయాణ అనుమతి కావాలి. ఈ తేడా తెలియక బుక్ చేస్తే రేవు దగ్గరే ఆగిపోవాలి.

మరి విశాఖ నుంచి రోజూ ఉంటుందా? లేదు. విశాఖలో 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. టెర్మినల్ అయితే ఉంది కానీ, షిప్ కొన్ని సీజన్లలో కొన్ని తేదీలకే వస్తుంది. ముందు తేదీ ఖాయం చేసుకుని, తర్వాతే పిల్లల స్కూల్ సెలవు గురించి ఆలోచించాలి. విశాఖ తేదీ కుదరకపోతే చెన్నై వెళ్లాలి. జంగారెడ్డిగూడేనికి రైలు స్టేషన్ లేదు. తాడేపల్లిగూడెమో, ఏలూరో, రాజమండ్రో వెళ్లి రైలెక్కాలి. ఆరుగురికి రానూపోనూ ఖర్చు టికెట్‌తో కలిపి లెక్కేసుకోవాలి.

ఇంకో విషయం.. విశాఖలో ఎక్కి చెన్నైలో దిగే వన్‌వే టికెట్లు కూడా ఉంటాయి. ధర తక్కువ కనిపిస్తుంది. తిరుగు ప్రయాణం మాత్రం మీదే.

సింగపూర్: పిల్లలకు పండగ.. కాగితాల పని ఎక్కువ

జెంటింగ్ డ్రీమ్ 2016లో జర్మనీలో కట్టిన షిప్. ఒక్కో గదికి ఇద్దరి లెక్కన 3,300 మందికి పైగా పడతారు. ఇంతకుముందు సింగపూర్ నుంచి తిరిగిన రాయల్ కరీబియన్ ‘స్పెక్ట్రమ్ ఆఫ్ ది సీస్’లో అదే లెక్కన 4,200 మందికి పైనే. అంటే ఓ పెద్ద ఊరు జనాభా మొత్తం ఒకే షిప్‌లో! వాటర్ స్లైడ్లు, ఆటల గదులు, షోలు.. పిల్లలకు మూడు రోజులు ఇట్టే గడిచిపోతాయి. జెంటింగ్ డ్రీమ్‌లో మన దేశం నుంచి వెళ్లేవాళ్లు ఎక్కువ. కాబట్టి భారతీయ శాకాహార వంటకీ ఇబ్బంది ఉండదు.

కానీ దీనికి పాస్‌పోర్టులు కావాలి. సింగపూర్ వీసా కావాలి. షిప్ మలేషియాకో, థాయ్‌లాండ్‌కో వెళ్లి మళ్లీ సింగపూర్‌కే వస్తుంది కదా.. అంటే సింగపూర్‌లోకి రెండోసారి అడుగుపెడుతున్నట్టే. అందుకని ఒక్కసారి ప్రవేశానికే పనికొచ్చే వీసా అయితే సరిపోదు. షిప్ ఆగే దేశాల నిబంధనలు కూడా విడిగా చూసుకోవాలి. పాస్‌పోర్టు గడువు ఆరు నెలలైనా మిగిలి ఉండాలి. పైగా విమానం ఖర్చు, షిప్ ఎక్కే ముందు రోజు హోటల్ ఖర్చు ఉంటాయి. విమానం దిగిన రోజే షిప్ ఎక్కే ప్లాన్ పెట్టుకోవద్దు. విమానం లేటైతే షిప్ ఆగదు. ఏజెంటు దగ్గర విదేశీ ప్యాకేజీ కొంటే టీసీఎస్ కూడా కట్టించుకుంటారు. అది ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు, కానీ ముందైతే చేతిలో నుంచి పోయే డబ్బే.

అసలు మతలబు ‘మాత్రమే’ దగ్గరే

యాడ్‌లో కనిపించే ధర దాదాపు ఎప్పుడూ ఒక మనిషికి, ఇద్దరు పంచుకునే గదికి, అది కూడా కిటికీ లేని లోపలి గదికి. ఉదాహరణకి మనిషికి 25,000 రూపాయలని ఉంది అనుకుందాం. ఆరుగురికి లక్షన్నర అని మనం లెక్కేస్తాం. దానిమీద పోర్టు ఛార్జీలు, పన్ను, షిప్ సిబ్బందికి రోజువారీ టిప్పులు చేరతాయి. ఈ మూడూ కలిపి మనిషికి 8,000 పడ్డాయనుకోండి.. ఇంకో 48,000. లక్షన్నర కాస్తా రెండు లక్షలకు దగ్గరపడింది. ఇంకా ఇంటి గడప కూడా దాటలేదు! ఇవి లెక్క అర్థం కావడానికి చెప్పిన అంకెలే. మీ బుకింగ్‌లో ఎంతో కంపెనీనే అడగాలి.

తర్వాత షిప్‌లో విడిగా కట్టేవి: వైఫై, మద్యం, క్యాసినో, స్పా, రేవుల్లో దిగి ఊరు చూసే టూర్లు, కొన్ని ప్రత్యేక రెస్టారెంట్లు. సముద్రం మధ్యలో ఫోన్ ఆన్ చేసి వదిలేస్తే రోమింగ్ బిల్లు వాచిపోతుంది. షిప్ కదలగానే ఏరోప్లేన్ మోడ్ పెట్టేయండి.

మనకు కలిసొచ్చేది కూడా ఒకటుంది. ఒకే గదిలో మూడో మనిషి, నాలుగో మనిషికి చాలా కంపెనీలు తక్కువ ధర వేస్తాయి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఒక గదిలో, నానమ్మ తాతయ్య పక్క గదిలో ఉంటే ఆరుగురికి రెండు గదులు చాలు.

పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉంటే..

చాలా కంపెనీలు ఆరు నెలల లోపు పసిపిల్లల్ని ఎక్కనివ్వవు. నెలలు నిండుతున్న గర్భిణులనీ తీసుకెళ్లవు. ఇది బుక్ చేయకముందే అడగాలి. బీపీ, షుగర్ మందులు చేతి సంచిలోనే ఉంచండి. పెద్ద బ్యాగులు గదికి చేరేసరికి చాలా సేపు పట్టొచ్చు. కళ్లు తిరుగుతాయని భయం ఉంటే షిప్ మధ్యభాగంలో, కింది డెక్‌లలో గది తీసుకోండి. ఊపు అక్కడే తక్కువ. పై అంతస్తు బాల్కనీ గదికి డబ్బు ఎక్కువ, ఊపూ ఎక్కువే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. వాతావరణం బాగోకపోతే రూటు మార్చే హక్కు కంపెనీకి ఉంటుంది. అప్పుడు డబ్బు తిరిగిస్తారా, ఎంత ఇస్తారు అన్నది రాతపూర్వకంగా చూసుకోవాలి.

పెద్ద షిప్ అయినా డ్రిల్ తప్పనిసరి

‘అంత పెద్ద షిప్‌కి ఏమవుతుందిలే’ అనుకోవద్దు. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా బండరాయికి తగిలి ఒరిగిపోయింది. నాలుగు వేల మందికి పైగా ఉన్న ఆ షిప్‌లో 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కినవాళ్లకి ఇంకా సేఫ్టీ డ్రిల్ చేయించలేదు. ఆ తర్వాత అంతర్జాతీయ నిబంధన మారింది. 2015 నుంచి షిప్ బయల్దేరకముందో, బయల్దేరిన వెంటనేనో డ్రిల్ చేయించాల్సిందే. ఆ టైమ్‌లో సెల్ఫీలు పక్కన పెట్టి, మీ గదికి కేటాయించిన చోటు ఎక్కడో పిల్లలకి కూడా చూపించండి.

మరి ఏది ఎంచుకోవాలి?

నీళ్ల ప్రయాణం పిల్లలకి కొత్త, నానమ్మకి భయం, బడ్జెట్ తక్కువ అంటే ముందు పాపికొండలు. అందరికీ పాస్‌పోర్టులు లేవు, మన వంట కావాలి, రెండు మూడు రాత్రులు సముద్రం చూడాలి అంటే కార్డీలియా.. తేదీ కుదిరితే విశాఖ నుంచి, లేదంటే చెన్నై నుంచి. పిల్లలు కాస్త పెద్దవాళ్లు, పాస్‌పోర్టులు రెడీ, విమానం ఖర్చు భరించగలం అంటే సింగపూర్.

బుక్ చేసే ముందు ఏజెంటుకి ఒక్క మెసేజ్ పెట్టండి: ‘ఆరుగురికి, అన్ని ఛార్జీలూ కలిపి, ఆఖరి రూపాయి దాకా ఎంత? క్యాన్సిల్ అయితే ఎంత తిరిగొస్తుంది?’ జవాబు రాతలో వస్తేనే డబ్బు కట్టండి. ఫోన్‌లో ‘చూసుకుందాం సార్’ అన్నారంటే.. ఇంకో ఏజెంటుని చూసుకోండి.

గోదావరి బోటైనా, సింగపూర్ షిప్ అయినా మొదటి లెక్క మాత్రం ఒకటే. ఆరుగురం ఎక్కుతున్నాం, ఆరుగురం దిగాలి. ధరల పోలిక ఆ తర్వాతే.