కట్టమీద సైకిలు

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు హైదరాబాదు నుంచి వస్తూ ఒక సైకిలు తెచ్చాడు. దాని ఖరీదు లక్షన్నర అని వాడు చెప్పగానే మా ఆవిడ గుమ్మంలోంచే, "ఏరా, మరి యింజను విడిగా కొనుక్కోవాలా?" అని అడిగింది.

దానికి మడ్‌గార్డులు లేవు, స్టాండు లేదు, వెనక క్యారియరు లేదు. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగివుంది. టైర్లు మాత్రం లావు.

"ఇది గ్రావెల్ సైకిలు, మావయ్యా! తారురోడ్డు లేనిచోట తొక్కడానికి," అన్నాడు వాడు.

నాకు నవ్వొచ్చింది. నేను యీ రేపల్లె ప్రాంతంలోనే ముప్పై అయిదేళ్ళు పంతులుద్యోగం చేశాను. మా రోజుల్లో తారురోడ్డు యెక్కడుందా అని వెతుక్కుని తొక్కేవాళ్ళం. అది లేనిచోట తొక్కడం కోసం యింత డబ్బు పోస్తారని యిప్పుడే విన్నాను. కాని యిది మావాడొక్కడి పిచ్చి కాదట. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని ఎంపోరియా అనే వూళ్ళో కంకరదారుల మీద 200 మైళ్ళ పందెం 2006లో మొదలైంది. 2022లో ఇటలీలో యీ ఆటకు ప్రపంచ పోటీలే పెట్టారు.

"అయితే యిక్కడ యెక్కడ తొక్కుతావురా?" అన్నాను.

"కృష్ణ కరకట్ట మీద. మీరే దారి చూపించాలి."

మర్నాడు చీకటితోనే బయలుదేరాం. వాడు వాడి కొమ్ముల సైకిలు మీద, నేను నా పాత అట్లాసు మీద. తలకు మఫ్లరు చుట్టుకోకపోతే కదలనివ్వనన్నది మా ఆవిడ.

పెనుమూడి చేరేసరికి తూర్పున తెలవారుతోంది. రేవులో అప్పుడే నలుగురైదుగురు స్నానాలు చేస్తున్నారు. 2016 పుష్కరాలకు యిక్కడ యిసుక వేస్తే రాలనంత జనం. వంతెన మీద లారీలు పులిగడ్డ వైపు పోతున్నాయి. ఈ వంతెన లేనినాడు సైకిలును పడవలో వేసుకుని అవతలికి దాటి, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుణ్ణి చూసి, సాయంత్రానికి తిరిగి వచ్చేవాళ్ళం. ఎదురుగా కనిపించేది దివిసీమ. 1977 నవంబరు 19న వుప్పెన వచ్చి వేలమందిని పొట్టన పెట్టుకున్నది ఆ గడ్డమీదనే. అప్పటికి నాకు పదిహేనేళ్ళు. ఆ గాలి హోరు యింకా చెవుల్లో వుంది.

పెనుమూడి నుంచి కట్ట రెండువైపులకూ పోతుంది. దక్షిణంగా పోతే లంకెవానిదిబ్బ, ఆపైన సముద్రం. మేము యెగువకు, వుత్తరంగా తిరిగాం. కుడిచేతివైపు కృష్ణ, యెడమచేతివైపు పొలాలు. కొంతమేర తారు, కొంతమేర గ్రావెల్, మధ్యమధ్య వుత్త మట్టి. మంచు యింకా విడలేదు. లంకల్లో అరటితోటలూ, పసుపూ, కందా. పొలాల్లో వరి కోసిన మోళ్ళ మధ్య మినుము పచ్చగా పరచుకుని వుంది. చింతమోటు, పెసర్లంక లాంటి వూళ్ళు కట్టకు లోపల, నదివైపునే వున్నాయి. వాళ్ళకు కృష్ణ వరద వార్త కాదు, గుమ్మంలోకి వచ్చే చుట్టం.

కట్టమీద సైకిలు తొక్కుతుంటే బస్సులో తెలియని సంగతి ఒకటి తెలుస్తుంది. నదికి దూరం పోయేకొద్దీ నేల యెత్తు పెరుగుతుందని అనుకుంటాం. డెల్టాలో అలా కాదు. నది యేటేటా తెచ్చిన వండ్రు ఒడ్డునే యెక్కువ పేరుకుంటుంది. అందుకని ఒడ్డు మెరక, దూరాన వున్న పొలం పల్లం. నిండు వరదలో కృష్ణ నీటిమట్టం మన యిళ్ళ అరుగుల కంటే యెత్తున వుంటుంది. మధ్యన వున్నది యీ మట్టికట్ట ఒక్కటే.

ఓలేరు దగ్గర ఆగాం. 2009 అక్టోబరులో కట్టకు గండి పడింది యిక్కడే. అప్పుడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగింది. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. ఆ గండిలోంచి నీళ్ళు పొలాల మీద పడి రేపల్లె వైపు వస్తున్నాయని వినగానే మేము బియ్యం బస్తాలు డాబా మీదికి చేర్చాం. నేను పిల్లల మార్కుల రిజిస్టర్లు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కానని మా ఆవిడ యిప్పటికీ యెగతాళి చేస్తుంది.

నేనిదంతా చెబుతుంటే మావాడి కన్ను కట్ట వాలు మీద పడింది. "మావయ్యా, యిక్కణ్ణుంచి సర్రున జారితే భలే వుంటుంది!" అంటూ చక్రం అటు తిప్పాడు.

"బాబూ, ఆగు!" అని కేక వినిపించింది. కింద గేదెలు కాసుకుంటున్న పెద్దమనిషి కర్ర యెత్తి పైకి వస్తున్నాడు. "కట్టమీద యెంతదూరమైనా తొక్కు. వాలు మీద మాత్రం తొక్కమాక. ఇవాళ నీ చక్రం గాడి పెడితే రేపు వాన నీళ్ళు అందులోంచే దిగుద్ది. నాలుగు వానలకు అది కాలవవుద్ది. ఎలకలూ పీతలూ చేసే బొరియలు చాలవా మాకు?"

మావాడు గతుక్కుమన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. "మొన్న ఇరవై నాలుగులో కూడా రాత్రంతా యిక్కడే వున్నాం, మాస్టారూ! ఎక్కడ వూటెక్కితే అక్కడ యిసుక బస్తాలు. ఆడవాళ్ళు కూడా మోశారు," అన్నాడు నాతో. 2024 సెప్టెంబరు మాట అది. ఆ వరద 11 లక్షల 43 వేల క్యూసెక్కులు, 2009 కంటే పెద్దది.

మావాడు లక్షన్నర సైకిలును భుజాన వేసుకుని, బళ్ళు దిగే బాటలో నడిచి దిగాడు. నేను నా అట్లాసును నడిపించుకుంటూ వెనకాల దిగాను.

అక్కణ్ణుంచి పొలాల డొంక పట్టుకుని భట్టిప్రోలు పోయాం. అక్కడి బౌద్ధస్తూపం రెండువేల యేళ్ళ నాటిది. 1892లో అలెగ్జాండర్ రే తవ్విస్తే ధాతువులు దాచిన రాతి కరండాలు, వాటిమీద బ్రాహ్మీ రాతలు బయటపడ్డాయి. స్తూపం చూసి వస్తుండగా నా వెనకచక్రం కూచుంది. తుమ్మముల్లు! మావాడి టైర్లలో ట్యూబే లేదు, పాలలాంటి మందేదో వుంటుందట, చిల్లి పడ్డా అదే పూడ్చుకుంటుందట. నాకా భాగ్యం లేదు.

పంక్చరు కొట్టువాడు ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచాడు. ఎంత తిప్పినా చిల్లి కనిపించదు. చివరికి ఆవగింజంత బుడగ ఒకటి పైకి తేలింది.

"ఇంత చిన్నదా!" అన్నాను.

"ఆ పెద్దాయన చెప్పిందీ యిదే కదా, మావయ్యా," అన్నాడు మావాడు.

మీరూ వెళ్ళదలిస్తే డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపల వెళ్ళండి. తెల్లవారుజామున బయలుదేరండి. మంచినీళ్ళు, రెండు అరటిపళ్ళు, ఒక ట్యూబు దగ్గర వుంచుకోండి. వాన పడ్డ మర్నాడు మాత్రం వద్దు. నల్లమట్టి చక్రాలకు పట్టి కదలనివ్వదు, పైగా తడికట్ట మీద గాడి పడుతుంది. రోడ్డు మీద ధాన్యం ఆరబోసి వుంటే దిగి పక్కగా నడవండి. ఇంకొకరి డాబా మీద నడుస్తున్నప్పుడు యెంత జాగ్రత్తగా అడుగు వేస్తామో, కట్టమీద అంత జాగ్రత్తగా పోవాలి. దాని కింద యెన్నో సంసారాలు వున్నాయి.

ఇంటికి వచ్చేసరికి పన్నెండయింది. మా ఆవిడ వాడి సైకిలుకు పట్టిన మట్టి చూసి, "లక్షన్నర పెట్టి కొన్నది బురదలో తొక్కడానికా?" అంది.

"బురద కాదత్తయ్యా, అది మీ యింటి గోడ మట్టి," అన్నాడు వాడు.

ఆవిడకు అర్థం కాలేదు. అన్నం తింటూ అంతా చెప్పాం.